వరదలో వచ్చిన చుట్టం



పాము అనగానే మనలో చాలామందికి ఒళ్ళు జలదరిస్తుంది. నాకూ అంతే. బల్లి మీద పడితే తలస్నానం చేసే మనిషిని నేను. అలాంటిదాన్ని మూడు రోజులు ఒక పాముపిల్లను యింట్లో పెట్టుకుని కనిపెట్టుకున్నానంటే మీరు నమ్మకపోవచ్చు. ఆ సంగతే ఈవేళ చెబుతాను. మీ యింటికి ఎప్పుడైనా అలాంటి చుట్టం వస్తే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో కూడా చెబుతాను.

మా అత్తవారిది పట్టిసీమ. రాజమండ్రికి ఎగువన, గోదావరి కుడి గట్టున వుంది. ఏటి మధ్య కొండ మీద వీరభద్రస్వామి గుడి. శివరాత్రికి పడవల మీద వెళ్ళి దర్శనం చేసుకొచ్చినవారు మీలో చాలామంది వుంటారు. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు పిల్లలతో సహా మేం అక్కడే వున్నాం. అత్తయ్యగారు అరుగు మీద కూచుని, "ఎనభై ఆరులో వచ్చినదాని ముందు ఇదెంత!" అని మాకు ధైర్యం చెబుతున్నారు. మాకు మాత్రం అంత ధైర్యం లేదు.

వరదొస్తే కొంపలు మునిగేది మనుషులకే కాదు కదా. కలుగుల్లో, గట్ల కింద వుండే జీవాలు కూడా మెరక వెతుక్కుంటూ వస్తాయి. రెండో రోజు పొద్దున్న మా చిన్నవాడు పెరట్లో బోర్లించిన వెదురు తట్ట ఎత్తి, "అమ్మా, పాము!" అని కేక పెట్టాడు. పరుగెత్తి చూద్దును కదా, మూరెడు పాముపిల్ల! పసుపు కలిసిన గోధుమరంగు ఒంటి మీద చదరంగం బల్లలాగా నల్లని గళ్ళు. కంటి కింద ఏటవాలుగా నల్లని గీతలు. మమ్మల్ని చూసి తలెత్తి మెడ వెడల్పు చేసింది. "నాగుపాము పిల్లే!" అన్నారు అత్తయ్యగారు. మావారు కర్ర అందుకున్నారు.

వాడు అడ్డంగా నిలబడ్డాడు. "దాని యిల్లు మునిగిపోయింది నాన్నా. మన యిల్లు మునిగితే మనం ఎక్కడికెళ్తాం?" అన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడి మాటకి జవాబు చెప్పలేక పెద్దవాళ్ళం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. మావారు కర్ర దించారు.

అప్పుడు నేను చేసిన మంచి పని ఒక్కటే, చేత్తో ముట్టుకోకపోవడం. పిల్లలను దూరంగా పంపి, పొడుగాటి కర్ర సాయంతో దాని మీదికి బక్కెట్టు బోర్లించి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టాము. ఆ తరవాత అటవీశాఖ వారికి ఫోను చేశాము. రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి, తగ్గగానే వస్తాము, అంతవరకూ మూతపెట్టి జాగ్రత్తగా వుంచండి, ఎవరూ ముట్టుకోవద్దు అన్నారు. ఈలోగా పడవ నడిపే పెద్దాయన ఒకాయన వచ్చి చూశాడు. "ఆయ్, ఇది నాగుపాము కాదండమ్మా. నీరుకట్టె పిల్లండి. మా వలల్లో రోజూ పడతాయండి" అని, చిన్న వలతో ఒడుపుగా ఎత్తి డబ్బాలో వేశాడు.

ఆయన చెప్పింది నిజమే. నీరుకట్టెకు విషం లేదు. చెరువుల్లో, పంటకాలవల్లో చేపలూ కప్పలూ తిని బతుకుతుంది. బెదిరితే నాగుపాములా మెడ చదును చేస్తుంది, పట్టుకుంటే గట్టిగా కరుస్తుంది కూడా. అందుకే పాపం నాగుపామనుకుని దీన్ని ఎక్కువగా చంపుతూ వుంటారు. అయితే ఒక్క మాట. ఆయన నలభై ఏళ్ళుగా ఏటి మీద బతికిన మనిషి. మీరూ నేనూ పామును చూసి జాతి తేల్చే ప్రయత్నం చెయ్యకూడదు. విషం లేని పాముల్లో అచ్చం కట్లపాములా వుండేవి వున్నాయి. పొరబాటు అటు జరిగితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక ఆ మూడు రోజుల సంరక్షణ. బియ్యం పోసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఖాళీ చేసి, మూతకు ముందుగానే సన్నని బెజ్జాలు వేశాము. బెజ్జం పెద్దదైతే పిల్లపాము దూరిపోతుంది. అడుగున పాత న్యూస్‌పేపరు, దాక్కోవడానికి ఒక కుండపెంకు, తిరగబడని బరువైన గిన్నెలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు. డబ్బాను ఎండ తగలని మూల గదిలో పెట్టి, మూత మీద బరువు పెట్టి, గదికి గొళ్ళెం వేశాము. పాముకు భయం పోగొట్టే మందు మన ముద్దు కాదండీ, చీకటీ నిశ్శబ్దమూను.

అత్తయ్యగారు గిన్నెతో పాలు తెచ్చారు. పాముకు పాలు ఆహారం కాదు. దాహంతో మాడిపోతూ వుంటే ఏ ద్రవమైనా తాగుతుంది గానీ, పాలు దానికి అరగవు, చేటు చేస్తాయి. మావాడు కప్పను పట్టుకొస్తానని బయల్దేరాడు. అదీ వద్దన్నాను. పాము మనలాగా పూటపూటా తినదు. కొన్ని రోజులు ఏమీ తినకపోయినా దానికి యిబ్బంది లేదు. బెదిరిన పాముకు తిండి పెడితే కక్కేస్తుంది కూడా.

రెండో రోజు మూత సందులోంచి చూస్తే దాని కళ్ళు తెల్లగా, నీలంగా, పొర కమ్మినట్టున్నాయి. నా గుండె జారిపోయింది. కళ్ళు పోయాయేమో, మా చేతిలో చచ్చిపోతుందేమో అని ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పాముకు రెప్పలుండవు. కంటి మీద అద్దంలాంటి పొర వుంటుంది. కుబుసం విడిచే ముందు అది యిలా మసకబారుతుందనీ, అప్పుడు చూపు తగ్గి చికాకుగా వుంటుందనీ నాకు తరవాత తెలిసింది. మూడో రోజు పొద్దున్న కుండపెంకు అంచున తలకిందులైన మేజోడులాగా ఒక్క ముక్కగా కుబుసం! పక్కన కడిగిన ముత్యంలా మా చుట్టం!

ఆ మధ్యాహ్నం అటవీశాఖ మనిషి వచ్చాడు. "దీన్ని పెంచుకోవచ్చా అంకుల్?" అని మావాడు అడగనే అడిగాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టి పెంచడం, అమ్మడం, చంపడం నేరమని ఆయన నెమ్మదిగా చెప్పాడు. వాణ్ణే వెంటబెట్టుకెళ్ళి, నీళ్ళు తీసిన చెరువు గట్టున తుంగలో వదిలాడు. అది వెనక్కి తిరిగి చూడలేదు. వాడు కాసేపు ఏడ్చాడు. నాకూ డబ్బా కడుగుతూంటే ఏదో వెలితి అనిపించింది.

ఈ కథ విని పాములన్నీ సాధువులే అనుకోకండి. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో పన్నెండు లక్షల మంది పోయారని పరిశోధకుల అంచనా. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పే తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం వుంటే అనుమానించాలి. కాటు పడితే గాటు పెట్టకండి, నోటితో పీల్చకండి, బిగించి కట్టకండి, మంత్రాలతో కాలం పోగొట్టకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలూ చెయ్యీ కదలకుండా వుంచి, 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే విరుగుడు మందు ఒక్కటే. పామును చంపి పట్టుకెళ్ళనక్కరలేదు.

పట్నవాసంలో వున్నాం, మనకెందుకు అనుకోవద్దు. ఎలుకలున్నచోటికి పాము వస్తుంది. నీళ్ళగది తూముకు జల్లెడ బిగించండి. పూలకుండీల వెనక, మెట్ల కింద చెత్త పేర్చకండి. నేల మీద పడుకునేవాళ్ళకు దోమతెర చుట్టూ పరుపు కిందికి దోపండి. పిల్లల బూట్లు దులిపి తొడగండి. పాము కనబడితే నాలుగడుగులు వెనక్కి వేసి, ఒకరు దూరం నుంచి కనిపెడుతూ వుండగా మరొకరు ఫోను చెయ్యండి.

ఆ ఏడు నాగులచవితికి అత్తయ్యగారు పుట్ట దగ్గర నాలుగు చుక్కలు పాలు చిలకరించి, మిగిలిన చెంబెడూ పక్కింటి పిల్లలకిచ్చేశారు. "దానికి అరగవుటగా" అన్నారు, నన్ను చూడకుండానే.