పసిబిడ్డల తోపుడుబండి

ఆంగ్లేయుల పాలనలో సికింద్రాబాదు తిరుమలగిరివంటి దండుప్రదేశములందు దొరల శిశువులను ఆయాలు బండ్లలో త్రోసికొని పోయెడివారు. నేఁడు పట్టణములందున్న మన బిడ్డలును మన మనుమలకు నట్టి బండ్లు కొనుచున్నారు. వారు పెద్దలను సలహా యడిగినచో నేమి చెప్పవలెను?

బండి రంగును గాక బిడ్డ మెడను చూడుఁడని చెప్పుఁడు. సాధారణముగా ఆఱు మాసములు నిండి, ఆధారము లేక కూర్చుండ నేర్చువఱకు శిశువును వెల్లకిలఁ బరుండఁబెట్టు బండియే తగును. 1965లో ఓవెన్ మెక్లారెన్ అను ఆంగ్ల విమాన ఇంజనీరు గొడుగువలె ముడుచుకొను తేలిక బండిని కల్పించెను. బస్సులోనికిని మేడమెట్లకును అది యనుకూలమే. కాని కూర్చుండలేని పసికందునకు పనికిరాదు. తల ముందునకు వ్రాలినచో ఊపిరికి అడ్డగును.

ఎగుడుదిగుడు బాటకు పెద్ద చక్రములు, పల్లమునకు గట్టి బ్రేకు, భుజములను, నడుమును, కాళ్లనడుమను పట్టియుంచు పట్టీలు ఉండవలెను. పిడికి బరువు సంచి తగిలించినచో బండి వెనుకకు ఒరగి పడును. ఎండకని గుడ్డ కప్పినచో లోపల గాలియాడక వేడి హెచ్చును.

బిడ్డను వెలుపలికిఁ గొనిపోవునపుడు దిష్టిచుక్క పెట్టుట మఱవరు గదా! పట్టీ బిగించుటయు నట్లే మఱవకుఁడు.