చాప మీది చోటు



గ్రామ మహిళా సంఘాల గూర్చి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. ఈ విషయంపై సభ జరిగితే సాధారణంగా లెక్కలే వినిపిస్తాయి. సంఘాలెన్ని, పొదుపెంత, అప్పెంత, వసూలెంత అని చెబుతారు. ఆ లెక్కలు అవసరమే, కాదనము. అయితే ఏ గడిలోనూ రాయని విషయం ఒకటుంది. పదిమంది ఆడవాళ్లు నెలకు రెండుసార్లో, నాలుగుసార్లో ఒక చాప మీద కూర్చోవడం, అలా కూర్చోగా కూర్చోగా వారి మధ్య స్నేహం ఏర్పడడం. సంఘానికి అసలు మూలధనం ఇదేనని మా నమ్మకం. ఆ చాప మీద ముస్లిం స్త్రీకి చోటున్నదా, ఉన్న చోటు నిలుస్తుందా అన్నదే ఈనాటి మా మాటల సారాంశం.

ముందుగా కొంచెం వెనక్కి చూద్దాం. 1952 అక్టోబరు 2న దేశంలో సమాజాభివృద్ధి పథకం మొదలైంది. దాని వెంటనే పల్లెల్లో మహిళా మండళ్లు వచ్చాయి. కుట్టుపని, అల్లికలు, పసిబిడ్డల పోషణ, భజనలు, పండుగనాటి పోటీలు వాటి కార్యక్రమాలు. మంచి పనులే. కాని చాలాచోట్ల మండలి ఊరి పెద్దింటి వసారాలో కూడేది. ఆ వసారా మెట్టెక్కే ధైర్యం కూలికి పోయే స్త్రీకి ఉండేది కాదు. పరదా పాటించే ఇంటి ఆడపడుచును పిలవాలన్న ఆలోచన పిలిచేవారికి రాలేదు, పిలిస్తే పంపాలన్న ఆలోచన మన మగవారికీ రాలేదు.

ఆ మెట్లను పేద స్త్రీలు తామే దాటారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన స్త్రీలు 1992 నాటికి సారా అంగడి మూయించారు. రోసమ్మ వంటి ఒక సామాన్యురాలి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట మిగలడంతో ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు బయలుదేరాయి. పోరాటంలో భుజం కలిపినవారే పొదుపులోనూ కలిశారు. స్నేహం ముందు, డబ్బు తరువాత. ఈ వరుసను గుర్తుంచుకోవాలని మనవి.

మన కర్నూలు జిల్లాకు ఈ గాలి 1995 ప్రాంతంలో బలంగా వీచింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైంది. కర్నూలు నుండి నంద్యాలకు పోయే దారిలోని ఓర్వకల్లు మండలం దానికి పేరు తెచ్చింది. నల్లరాళ్లు, వానకెదురుచూసే చేలు తప్ప మరేమీ లేదనుకొన్న ఆ నేల మీద స్త్రీలు ఊరి సంఘాలను కలుపుకొని మండలమంతటికీ పొదుపులక్ష్మి ఐక్య సంఘాన్ని కట్టుకొన్నారు. పనికి పోయే పిల్లల కోసం బాలభారతి అనే బడి నడిపారు. అక్కడ నేర్చిన పాఠాలే 2000లో మొదలైన ‘వెలుగు’ పథకానికి దారి చూపాయి. ఈనాడు గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని మనం చెప్పుకొనే మెట్లు అలా ఏర్పడినవే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఇంచుమించు ప్రతి ఆరుగురిలో ఒకరు ముస్లిం. వీరంతా ఒకే తీరు కాదు. ఇంట ఉర్దూ మాట్లాడేవారున్నారు. తరతరాలుగా తెలుగే మాట్లాడుతూ, దూది ఏకి పరుపులు కుట్టిన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలున్నాయి. యంత్రాలు వచ్చి ఆ వృత్తిని మింగేశాయి. చేను లేదు, చేతిపని పోయింది, మిగిలింది కూలి. ఇక బ్యాంకు సంగతి 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికే చెప్పింది. బ్యాంకు రుణాల్లో ముస్లింలకు అందుతున్నది వారి జనాభాతో పోలిస్తే తక్కువని, ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని పేటలను కొన్ని బ్యాంకులు అప్పివ్వదగని ప్రాంతాలుగా గుర్తించాయని ఆ నివేదికలో ఉంది. అటువంటి చోట ఒంటరి ముస్లిం స్త్రీకి మేనేజరు గది తలుపు ఎవరు తెరుస్తారు? పదిమంది కలిసి వెళితే తెరుచుకొన్నది. సంఘం మనకు చేసిన మొదటి మేలు అది.

రెండవ మేలు ఇంకా లోతైనది. మేము తిరిగిన పల్లెల నుండి రెండు సంగతులు చెబుతాము.

ఆదోని వైపు ఒక ఊరు. వాన రాని ఏడు అక్కడి సగం ఊరు సుగ్గికి పోతుంది. గుంటూరు ప్రాంతంలో మిరపకాయలు కోసి, పత్తి తీసి, నెలల తరువాత తిరిగి వస్తుంది. ఒక ఏడు అలా పోయిన బోయ కుటుంబంలో నడవలేని ముసలితల్లి ఇంటి దగ్గరే మిగిలింది. సంఘంలో తోటి సభ్యురాలైన దూదేకుల స్త్రీ మూడు నెలలు ఆమెకు పూటపూటకూ సంగటి పెట్టి, మందులిచ్చి చూసుకొన్నది. తిరిగి వచ్చిన కోడలు డబ్బు ఇవ్వబోతే, “వచ్చే ఏడు నేను పోతాను, మా అత్తను నువ్వు చూడు” అన్నదట. ఇందులో ఏ పథకమూ లేదు. ఎదురుబదురు వీధుల్లో ఉండి కూడా సంఘానికి ముందు వారిద్దరూ ఒకరి ఇంటికి ఒకరు పోయి ఎరుగరు.

రాయచోటి వైపు మరొక ఊరు. కడప ప్రాంతం నుండి కువైట్‌కు ఇంటిపనికి పోయే స్త్రీలెందరో మీకు తెలుసు. ఒక సభ్యురాలు ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి ఖద్దామాగా వెళ్లింది. మొదటి ఏడాది జీతమంతా ఆ అప్పుకే సరిపోయింది. సంఘంలో కంతు కట్టలేక పేరు పోగొట్టుకోవలసిన స్థితి. ఆమె స్నేహితురాలు టీ అంగడి నడుపుకొనే మనిషి. తన కంతుతో పాటు ఆమె కంతు కూడా రెండేళ్లు కట్టింది. ఆమె తిరిగి వచ్చిన నాడు పొదుపు పుస్తకం చేతిలో పెట్టి, “నీ చోటు ఎవరికీ ఇవ్వలేదు” అన్నది. ఈ మాట చెబుతూ ఆ కువైట్ ఆపా ఏడ్చింది. పరాయి దేశంలో పని చేసినన్నాళ్లూ తనను పేరు పెట్టి పిలిచినవారే లేరట. తన పేరు తన ఊరి పుస్తకంలో చెరగకుండా ఉన్నదన్న ధైర్యంతోనే రోజులు గడిపానని చెప్పింది.

సోదరీమణులారా, స్నేహం తీసివేస్తే ఇదే సంఘం ఏమవుతుందో కూడా మనం కళ్లారా చూశాము. సూక్ష్మరుణ సంస్థలు మన సంఘాల రూపాన్నే తీసుకొన్నాయి. పదిమందిని కూర్చోబెట్టాయి, వారం వారం వసూలు పెట్టాయి. ఒకరు కట్టకపోతే మిగిలినవారు కట్టాలన్నాయి. అప్పుడు స్నేహితురాలే కాపలాదారు అయింది. కట్టలేని స్త్రీ ఇంటి ముందు పొరుగువారినే కూర్చోబెట్టి అవమానింపజేశారు. ప్రాణాలు పోయాయన్న వార్తలు వచ్చాయి. చివరకు 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. రూపం ఒకటే, పదిమందీ పదిమందే. అక్కడ వారిని కలిపింది అప్పు మాత్రమే.

ఇక మనవారిలో చాలామంది సంఘానికి ఎడంగా ఉండడానికి చెప్పే కారణం ఒకటున్నది: వడ్డీ. ఆ అభ్యంతరం విశ్వాసానికి సంబంధించినది, తేలికగా తీసివేయదగినది కాదు. సంఘం నడిపేవారు దానిని వెనుకబాటుతనమని నవ్వడం తప్పు. అదే సమయంలో మనమూ ఒక నిజం ఒప్పుకోవాలి. సంఘంలో చేరని పేద ముస్లిం స్త్రీ వడ్డీ నుండి తప్పించుకోవడం లేదు. బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి ఆమె నూటికి ఐదు, పది రూపాయల వడ్డీకి ఇచ్చేవాని గడప తొక్కుతున్నది. దారి లేదా అంటే ఉన్నది. సభ్యులు దాచుకొన్న సొంత డబ్బును తమలో తాము ఇచ్చి పుచ్చుకొనే షరతులు సంఘమే తీర్మానించుకోవచ్చు. ముస్లిం సభ్యుల సంఘం ఆ డబ్బును ఖర్జె హసనాగా, వడ్డీ లేకుండా తిప్పుకోవచ్చు. మన ఇళ్లలో ఆడవాళ్లు వేసుకొనే కమిటీ చీటీ ఏళ్లుగా వడ్డీ లేకుండా తిరుగుతున్నదే కదా! బ్యాంకు అప్పు తీసుకోవాలా వద్దా అన్నది ఆయా సభ్యురాలి మనస్సాక్షికి వదలాలి. అప్పు వద్దన్న స్త్రీకి కూడా చాప మీద చోటు ఉండాలి. అప్పు తీసుకోని సభ్యురాలు సంఘానికి బరువు అన్న మాట ఏ ఊళ్లోనూ వినబడకూడదు.

మన ఇంటి తప్పు కూడా చెప్పుకోవాలి. ఉర్దూ మాట్లాడే ఇళ్లకు, దూదేకుల ఇళ్లకు మధ్య మనమే గీసుకొన్న గీత ఒకటున్నది. పెండ్లి సంబంధాల్లో, పలకరింపులో అది కనిపిస్తుంది. పక్క కులాలవారు మనలను సమానంగా చూడాలని అడిగే ముందు ఆ గీతను మనమే తుడవాలి. కొన్ని ఊళ్లలో సంఘం చాప మీదే అది చెరగడం మేము చూశాము. హక్కుల కోసం అర్జీ రాసేటప్పుడు ఒకరు ఉర్దూలో చెబితే మరొకరు తెలుగులో రాశారు. ఆ రెండు చేతులూ ఒకరికొకరు అవసరమయ్యాయి.

నేడు మా భయం ఏమిటో చెప్పి ముగిస్తాము. చాప చుట్టి మూలన పెడుతున్నారు. సమావేశం జరగకుండానే తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకొంటున్నది. కంతులు ఫోనులోనే కట్టేస్తున్నారు. సంఘాన్ని సభలకు జనాన్ని తోలే బండిగా చూసేవారు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. ఫోనులో కట్టడం సులువే, వద్దనము. అయితే కంతు కట్టినంత మాత్రాన కూర్చున్నట్లు కాదు. ఇది అందరికీ నష్టమే, ముస్లిం స్త్రీకి మరింత నష్టం. ఎందుకంటే ఇతర కులాల స్త్రీలతో సమానంగా కూర్చుని, తన పేరుతో తాను మాట్లాడే చోటు ఊళ్లో ఆమెకు చాలాసార్లు అదొక్కటే. దేశంలో ద్వేషపు మాటలు పెరిగిన ఈ రోజుల్లో ఊరి శాంతిని కాపాడేది శాంతి కమిటీ ఫలకం కాదు. “ఆ మాట నిజం కాదు, ఆమె నాకు తెలుసు” అని చెప్పగలిగే పొరుగింటి స్త్రీ కాపాడుతుంది. ఆ తెలియడం కూర్చుంటేనే వస్తుంది.

కాబట్టి మీకు కొన్ని మనవులు. నెలలో ఒక్క సమావేశమైనా అందరూ వచ్చి కూర్చోండి. తీర్మానాన్ని పైకి చదివి వినిపించిన తరువాతనే సంతకం పెట్టండి, వేలిముద్ర వేసే ఆపాకు ఉర్దూలోనూ చెప్పండి. సమావేశం గుడిలోనో మసీదులోనో కాక బడిలోనో, అంగన్‌వాడీలోనో పెట్టుకోండి. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు అడ్డు రాకుండా సమయం మార్చుకోండి. మీ వీధిలో భర్త వదిలేసిన స్త్రీ, విధవరాలు, ఏ కాగితమూ లేని స్త్రీ ఉంటే ముందు ఆమెను పిలవండి. గ్రామ సమాఖ్యలో పదవులు ఎంచుకొనే నాడు ముస్లిం సంఘాల నుండి కూడా ఒకరు నిలబడండి. ఎవరో ఇస్తారని ఎదురుచూడవద్దు.

మగవారికి ఒక్క మాట. మీ ఇంటి స్త్రీ సమావేశానికి పోయిన ఆ గంట బిడ్డను ఎత్తుకోండి. అదే మీరిచ్చే చందా.

 ఈ సభ నుండి ఇంటికి చేరగానే, చాలా రోజులుగా సమావేశానికి రాని ఒక సభ్యురాలి తలుపు తట్టండి. వచ్చే సమావేశానికి ఆమెను మీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఖుదా హాఫిజ్, సెలవు.