మామిడి పూతకాలం: చెట్టు కింద పని, కాగితం మీద పని

(సంక్రాంతి తర్వాత జరిగిన మామిడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రవేత్తను కాను. పదో తరగతితో చదువు ఆపేసి, ముప్పై ఏళ్లకు పైగా నూజివీడు ప్రాంతంలో మామిడి తోట చేసుకుంటున్నవాణ్ణి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా తోటలో ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అనేది నాలుగు మాటల్లో చెప్పమన్నారు. చెబుతాను. ఇందులో చాలా భాగం నేను నష్టపోయి నేర్చుకున్నదే.

మొదటిది నీళ్లు. మొగ్గ పగలకముందు తడి పెడితే పూత రావలసిన చోట చిగురు వస్తుంది. బోరులో నీళ్లున్నాయి కదా అని చెయ్యి ఊరుకోదు. ఊరుకోబెట్టాలి. పూత నిండుగా ఉన్నప్పుడు పారగడితే పూత రాలిపోతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మొదటి తడి, అదీ తేలికగా. ఆ తర్వాత నేలను బట్టి పది, పదిహేను రోజులకొక తడి. చెట్టు మొదట్లో కాదు, కొమ్మల చివర నీడ ఎంతవరకు పడుతుందో అక్కడ పాదు చేసి పెట్టండి. రాలిన ఆకు తగలబెట్టకుండా ఆ పాదులోనే పరిస్తే తడి ఆరదు.

రెండోది పురుగు, తెగులు. పొద్దున్నే తోటలోకి వెళ్లండి. కొమ్మ కదిపితే చిటపటమని ముఖానికి తగిలేది తేనెమంచు పురుగు. ఆకుల మీద జిగురు, దాని మీద మసి కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పూత కాడలకు బూడిద చల్లినట్టు ఉంటే అది బూడిద తెగులు. మొగ్గ దశలోనే నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాముల చొప్పున కొడితే బూడిద తెగులు చాలావరకు అదుపులో ఉంటుంది. తేనెమంచు పురుగుకి మందు కొట్టాల్సి వస్తే మొగ్గ మీద ఒకసారి, పిందె కట్టాక ఒకసారి. మధ్యలో పూలు విచ్చుకుని ఉన్నప్పుడు మాత్రం డబ్బా పక్కన పెట్టండి.

ఎందుకంటే, ఒక ఏడాది మా తోట తెల్లగా పూసింది. మందుల కొట్టాయన రెండు మూడు రకాలు కలిపి కొట్టెయ్యమన్నాడు. కొట్టించాను. మూడో రోజుకి తోటలో ఈగ చప్పుడు లేదు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేంత పూత, కింద మాత్రం పిందె లేదు. ఒక్కో కంకికి వందలు, వేలు పూలుంటాయి గానీ అందులో ఎక్కువ మగపూలే. పిందె కట్టగలిగే పూలు తక్కువ. వాటికి పుప్పొడి మోసేది ఈగలు, తేనెటీగలే. డబ్బు పెట్టి మరీ వాటిని చంపుకున్నాను.

మూడోది మందు కొట్టే మనిషి. మామిడి చెట్టు ఎత్తు. గన్ను పైకి పెడితే మందు తిరిగి మన ముఖం మీదే పడుతుంది. మా తోటలో పనికొచ్చిన కుర్రాడొకడు చెట్టు కిందే వాంతులు చేసుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు మొదట అడిగింది ఏ మందు అని. డబ్బా ఎక్కడ పారేశామో తెలియదు. ఆ కుర్రాడు బతికాడు, అది మా అదృష్టం. అందుకని పని అయ్యేదాకా డబ్బా, చీటీ దాచండి. గాలికి ఎదురు నిలబడి కొట్టనివ్వకండి. గుడ్డ, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా రైతే ఇవ్వాలి. కూలీ అడగలేదు కదా అని ఊరుకుంటే అది మన తప్పే.

నాలుగోది కాగితం. ఇదే అన్నిటికంటే కష్టమైన పని.

పూత మీద తోట అమ్ముకోవడం మనకు అలవాటు. పిల్లల ఫీజులు, పాత అప్పులు, అన్నీ ఈ నెలల్లోనే మీద పడతాయి. తోట కొనేవాడికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. నేనూ అలాగే ఒకసారి నోటిమాట మీద అమ్మాను. కొంచెం బయానా ఇచ్చాడు. ఏప్రిల్‌లో గాలివానకి సగం కాయ నేలపాలైంది. ఆ మనిషి మళ్లీ తోట మొహం చూడలేదు. అడుగుదామంటే చేతిలో చీటీ ముక్క లేదు. కాయ నిలబడి ఉంటే లాభం వాడిది, రాలితే నష్టం నాది. ఇదీ మనం చేసుకునే బేరం.

అమ్మక తప్పకపోతే రాసుకోండి. మొత్తం ఎంత, వాయిదాలు ఎప్పుడు, గాలివానకి నష్టం ఎవరిది, మందులు ఎవరు కొడతారు, మనల్ని అడగకుండా చెట్టు మొదట్లో కల్టార్ పొయ్యకూడదు అని కూడా రాయించండి. ఒక్క ఏడాది కాపు కోసం వచ్చినవాడికి చెట్టు పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. తోట ఈ-పంటలో నమోదైందో లేదో రైతు సేవా కేంద్రంలో ఇప్పుడే చూసుకోండి. కౌలుకి చేస్తున్నవాళ్లు సాగు హక్కు పత్రం అడగండి. దానికి యజమాని సంతకం కావాలి కాబట్టి, తోట సొంతంగా ఉన్న మనవాళ్లే ముందు సంతకం పెట్టి దారి చూపాలి.

2025 వేసవిలో చిత్తూరు వైపు ఏం జరిగిందో చూశాం. తోతాపురి కిలోకి 12 రూపాయలు, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలన్నారు. ఆ మాట వచ్చింది కాయ కోతకొచ్చాక. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరసలు కట్టాక. ధర మాట జూన్‌లో కాదు, పూత మీద ఉన్నప్పుడే మాట్లాడాలి. మార్కెట్లో సూటు పేరుతో చేసే కోత గురించి కూడా ఇప్పుడే నిలదియ్యాలి. కాయ కోసి బండికెత్తాక మనకు బలం ఉండదు, కాయ మెత్తబడిపోతుంది.

అందుకే ఒక్క కోరిక. వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ ఒక నోటుబుక్కు తీసుకురండి. ఎన్ని చెట్లు, మందుకి ఎంత అయింది, కూలికి ఎంత, ఎవరికి ఎంతకి అమ్మారు, రాసుకు రండి. పది ఊళ్ల లెక్క ఒక చోట పెడితే అధికారుల ముందు మన మాటకు బరువొస్తుంది. విడివిడిగా అమ్మే ముందు ఊళ్లో నలుగురూ కూర్చుని ఒక ధర అనుకోవడం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

రేపు పొద్దున్నే తోటకెళ్లి కొమ్మ కదిపి చూడండి. సాయంత్రం ఆ నోటుబుక్కు తెరవండి. సెలవు.