పసిపిల్లల పాలడబ్బాలో విరుగుడు తేట
(మహాసభల్లో చేసిన ప్రసంగ పాఠం)

నేను వైద్యుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. మా నివాసం న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్. ఊరు దాటి ఎటు వెళ్ళినా మనుషుల కన్నా ఆవులే ఎక్కువ కనిపిస్తాయి. అందుకే పాల గురించి నాలుగు మాటలు చెప్పే ధైర్యం చేస్తున్నాను.

పసిపిల్లల పాలపొడి డబ్బాల మీద ‘వే ప్రొటీన్’ అన్న మాట మీరు చూసే ఉంటారు. పాలలో నిమ్మరసం పిండితే ముద్ద విడిపోయి, లేత పసుపు పచ్చటి తేటనీళ్ళు మిగులుతాయి కదా! ముద్దలో ఉండేది కేసిన్. తేటలో కరిగి ఉండే మాంసకృత్తులే ఈ వే ప్రొటీన్లు. మనకివి కొత్తేమీ కాదు. జున్నుపాలు పులుపేమీ లేకుండానే, ఉత్త వేడికే గట్టిపడతాయి. తొలిపాలలో ఈ జాతి మాంసకృత్తులు మెండు. అవి కోడిగుడ్డు తెల్లసొనలాగే వేడికి గడ్డకడతాయి.

మా ఊరికి నలభై కిలోమీటర్ల లోపే ఎడెండేల్ ఉంది. 1882లోనే అక్కడ ఎగుమతి కోసం చీజ్ తయారుచేశారు. కిలో చీజ్‌కి దాదాపు పది లీటర్ల పాలు కావాలి, తొమ్మిది లీటర్ల తేట మిగులుతుంది. పూర్వం చీజ్ చేసేచోటల్లా దాన్ని పందులకు పోసేవారు, లేదా పారబోసేవారు. సన్నటి పొరల గుండా వడగట్టి మాంసకృత్తుల్ని విడదీసే పద్ధతి వచ్చాక ఆ నీళ్ళకే గిరాకీ పెరిగింది.

ఇక లెక్కకొద్దాం. ఆవుపాల మాంసకృత్తుల్లో నూటికి 80 పాళ్ళు కేసిన్, 20 పాళ్ళు తేటవి. తల్లిపాలలో తేటవే 60, కేసిన్ 40. కాన్పయిన తొలిరోజుల్లో తేట పాలు ఇంకా ఎక్కువ. మొత్తం చూసినా, 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో ఉండేది సుమారు ఒక గ్రాము, ఆవుపాలలో మూడు గ్రాముల పైచిలుకు. మన అమ్మమ్మలు ఆవుపాలలో నీళ్ళు కలిపి పట్టేవారు. దానివల్ల చిక్కదనం తగ్గేది గానీ, పాళ్ళు మారేవి కావు. కేసిన్ పసివాడి కడుపులో గట్టి తరకలు కడుతుంది. అందుకే పాలపొడి తయారీలో విడిగా వే కలిపి 60-40 చేస్తారు. తేటలోని లవణాలు పసి మూత్రపిండాలకు భారం కనుక ముందు వాటిని తగ్గిస్తారు.

అయితే పాళ్ళు కుదిరాయి కదా అని అవి తల్లిపాలు అయిపోవు. ఆవు తేటలో ప్రధానమైన బీటా లాక్టోగ్లోబ్యులిన్ తల్లిపాలలో అసలుండదు. తల్లిపాల తేటలో ముఖ్యమైనవి ఆల్ఫా లాక్టాల్బుమిన్, లాక్టోఫెర్రిన్. మా భాషలో చెప్పాలంటే, రెండు ఫైళ్ళ సైజు ఒకటైతే లోపలి సమాచారం ఒకటే అయిపోదు.

మరి వే వల్ల అసలు లాభమేమిటి? ప్రొటీన్ పెంచడం కాదు, తగ్గించగలగడం! ట్రిప్టోఫాన్, సిస్టీన్ వంటివి తేటలో బాగా ఉంటాయి కనుక తక్కువ ప్రొటీన్‌తోనే బిడ్డ అవసరం తీరుతుంది. మనవాళ్ళకిది మింగుడుపడదు. మనవడు బొద్దుగా ఉండాలని ఇంకో చెంచా పొడి వేసే తాతమ్మలు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు. ఐరోపాలో ఐదు దేశాల పిల్లల మీద జరిగిన పరిశోధన 2009లో వెలువడింది. ఎక్కువ ప్రొటీన్ ఉన్న పాలపొడి తాగిన పిల్లలు రెండేళ్ళకు ఎత్తుకు తగినదాని కన్నా బరువెక్కారు. ఆరేళ్ళు వచ్చేసరికి వారిలో స్థూలకాయం రెండింతలకు పైగా కనిపించిందని 2014లో తేలింది. చెంచా ఎక్కువా వద్దు, పొదుపు చేసి తక్కువా వద్దు. డబ్బా మీది కొలతే కొలత.

విదేశీ డబ్బా అనగానే కళ్ళకద్దుకుని హైదరాబాదు, విజయవాడ మోసుకెళ్ళేవారికి ఒక మాట. 2013 ఆగస్టులో న్యూజిలాండ్‌లోనే, ఫోంటెర్రా సంస్థ తయారుచేసిన 38 టన్నుల వే పొడిలో ప్రమాదకరమైన బొట్యులిజం క్రిమి ఉందేమోనని పెద్ద కలకలం రేగింది. పలు దేశాల్లో డబ్బాలు వెనక్కి తీసుకున్నారు. అది ఆ క్రిమి కాదని అదే నెలాఖరుకు తేలింది. కానీ ఆ పొడి ఎక్కడెక్కడికి చేరిందో వెతకడమే పెద్ద పని అయింది. (మా వృత్తివారికి అక్కడ పాఠాలు చాలా ఉన్నాయి!) మన దేశంలో 1992 చట్టం ఈ పాలడబ్బాల ప్రకటనల్నే నిషేధించింది, తల్లిపాలే మేలని డబ్బా మీద రాయమంది. కాబోయే తల్లులు ముర్రుపాలు మాత్రం పిండి పారబోయకండి.

పాలు చాలకో, ఆరోగ్యం కుదరకో డబ్బా పాలు పట్టే తల్లులను ఎవరూ తప్పుపట్టనవసరం లేదు. పొడి శుభ్రంగా కనిపించినా క్రిమిరహితం కాదని మాత్రం గుర్తుంచుకోండి. అందుకే 70 డిగ్రీలకు తగ్గని నీళ్ళలో కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో సూచించింది. అంటే నీళ్ళు మరిగిన అరగంట లోపే కలపాలి. తర్వాత సీసాను చన్నీళ్ళ కింద పట్టి, గోరువెచ్చగా అయ్యాక మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసి పట్టాలి. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి.