కంప్యూటరు డబ్బాలో పంకా
(వేములపల్లిలో జరిగిన మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను కంప్యూటరు గురించి మాట్లాడమన్నారు. నేను ఇంజనీరును కాను. ఫైళ్లు నడిపి, టైపు కొట్టి రిటైరైన గుమాస్తాను. కావున కంప్యూటరు మొత్తాన్ని నెత్తికెత్తుకోను. అందులో తిరిగే పంకా గురించి మాత్రమే చెబుతాను. దానివల్ల నేను పడిన పాట్లున్నవి గనుక ఆ మాత్రం అర్హత ఉన్నదనుకుంటున్నాను.

మీలో చాలామందికి తెలుసు, మన వాళ్ల దరఖాస్తులు నా ఇంట్లోని పాత కంప్యూటరులోనే టైపు చేస్తుంటాను. మొన్నటి వేసవిలో మన సహోద్యోగి ఒకాయన కాలం చేశారు. ఆయన భార్యకు కుటుంబ పెన్షను కాగితాలు తయారు చేయవలసి వచ్చింది. ఆమె బస్సు దిగి ఎండన పడి వచ్చింది. సగం టైపు కాగానే కంప్యూటరు టక్కున ఆగిపోయింది. కరెంటు పోలేదు, పైన పంకా తిరుగుతూనే ఉన్నది. మళ్లీ వేస్తే అయిదు నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. ఆమెను తిప్పి పంపించాను. వారం తరువాత వచ్చింది, అదే వరస. మూడోసారి గుమ్మంలోనే నిలబడి, "అన్నా, ఇయ్యాల గూడ కాదంటరా?" అని అడిగింది. నలభై ఏండ్ల కింద మన ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి జనం అడిగిన మాటే అది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

పట్నంలో ఒక దుకాణానికి తీసుకుపోతే, మూత కూడా తీయకుండా "మదర్‌బోర్డు పోయింది సార్, కొత్తది తీసుకోండి" అన్నారు. సరేననేవాణ్ణే. కానీ అందులో ఎన్నో ఏండ్ల దరఖాస్తులు, మన సభ్యుల పెన్షను నెంబర్లు ఉన్నవి. ఇంటికి తెచ్చి, అరుగు మీద పెట్టి, పక్క రేకు విప్పి చూశాను. చూసి సిగ్గుపడ్డాను. పంకా కింద ఉండే అల్యూమినియం రెక్కల మీద దుమ్ము దుప్పటిలాగా పరుచుకుని ఉన్నది. వేలితో లాగితే అట్టలాగా ఊడి వచ్చింది. టైపు మిషనుకు ప్రతి శనివారం బ్రష్షు పట్టిన చేయి ఇది. దీనికి అయిదేండ్లు ఒక్కసారి కూడా బ్రష్షు చూపించలేదు!

అసలు సంగతి ఇది. పంకా చల్లదనాన్ని పుట్టించదు. మన ఇంట్లో పంకా అయినా అంతే, గాలిని కదుపుతుంది. కంప్యూటరులో లెక్కలు చేసే చిప్పు అగ్గిపెట్టె కన్నా పెద్దది కాదు గానీ, పని చేస్తున్నంతసేపూ వేడెక్కుతూనే ఉంటుంది. ఆ వేడి అల్యూమినియం రెక్కలలోకి ఎక్కుతుంది, పంకా దానిని ఊది వేస్తుంది, వెనక పంకా ఆ వేడి గాలిని డబ్బా బయటికి నెడుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడ్డా వేడి లోపలే నిలిచిపోతుంది. చాలా చిప్పులు ఇంచుమించు 100 డిగ్రీలు చేరితే తమను తాము కాపాడుకోవడానికి మిషనును ఆపేస్తవి. అంటే అది చెడిపోయి ఆగడం కాదు, చెడిపోకుండా ఆగడం. పైగా మన దగ్గర మే నెలలో గదిలోనే 40 దాటుతుంది. ఎంత మంచి పంకా అయినా లోపలి వేడిని గది వేడి కన్నా కిందికి దించలేదు.

మన ప్రాంతానికి మరొక చిక్కు ఉన్నది. సాగర్ ఎడమ కాలువ పుణ్యమా అని రెండు పంటలు వరి. వానకాలం కోతలప్పుడూ, యాసంగి కోతలప్పుడూ రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, తూర్పార పడతారు. మిర్యాలగూడ దిక్కు మిల్లుల సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ సన్నటి నుసి కిటికీ మూసినా వస్తుంది. ఏడాదికి ఒకసారి శుభ్రం చేస్తే చాలని పుస్తకాలలో రాస్తారు. మనకు ప్రతి కోతల తరువాతా ఒకసారి అని నా లెక్క.

ఇక నా సొంత ఘనకార్యం. దుమ్ము పడకూడదని మా ఇంటావిడ పూల కుట్టు గుడ్డ ఒకటి తొడిగింది. నేనేమో డబ్బాను బల్ల కింది అరలో గోడకు ఆనించి పెట్టాను. పని చేసేటప్పుడు ముందు భాగం వరకే గుడ్డ పైకెత్తేవాణ్ణి. వెనక గాలి పోయే దారి మొత్తం మూసినట్టే గదా! గుడ్డ తొడగండి, తప్పు లేదు. మిషను ఆపిన తరువాత తొడగండి. వెనక జానెడు ఖాళీ ఉంచండి.

చప్పుడును బట్టి రోగం కొంత తెలుస్తుంది. కరకరమని కొట్టుకుంటుంటే ఏదో వైరు రెక్కలకు తగులుతున్నట్టు. ఆ వైరును పక్కకు కట్టేస్తే సరిపోతుంది. పొద్దున వేయగానే కీచుమని, కాసేపటికి సర్దుకుంటే బేరింగు ఎండుతున్నదన్నమాట. ఎప్పుడూ హోరుమని తిరుగుతుంటే దుమ్ము పేరుకున్నదనుకోండి. అసలు చప్పుడే లేకపోతే సంతోషించకండి, పంకా ఆగిపోయిందేమో చూడండి. వేయగానే తెర మీద సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని వచ్చి, ఎఫ్1 నొక్కమంటుంది ఒక్కోసారి. మనలో చాలామంది నొక్కి ముందుకు పోతారు. ఆఫీసులో మెమో వస్తే అట్లా పక్కన పెట్టేవాళ్లమా? పంకాకు ఉండే మూడో వైరు తన వేగం ఎంతో బోర్డుకు చెబుతుంది. నాలుగో వైరు ఉంటే, ఎంత వేగంగా తిరగాలో బోర్డు పంకాకు చెబుతుంది. ఆ వేగం కబురు అందకపోతేనే ఈ మెమో. వైరు ఊడి ఉండవచ్చు, వేరే చోట గుచ్చి ఉండవచ్చు, లేక పంకా నిజంగానే ఆగి ఉండవచ్చు.

శుభ్రం చేసే పద్ధతి చెబుతాను. మిషను ఆపండి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకండి. తరువాత పవర్ బటన్ కొన్ని సెకండ్లు నొక్కి పట్టండి. ముందు నుంచి చూస్తే ఎడమ వైపు రేకుకు వెనక రెండు స్క్రూలుంటవి, అవి విప్పండి. మెత్తటి రంగుల బ్రష్షు, పొడిది, తీసుకోండి. తడిగుడ్డ పనికిరాదు. పంకా రెక్కలను వేలితో పట్టుకుని దులపండి. గాలి కొడితే గిర్రున తిరుగుతుంది, పిల్లలకు సరదా, కానీ అంత వేగానికి బేరింగు పోతుంది. రెక్కల దిమ్మెను మాత్రం ఊడదీయకండి. దాని కింద చిప్పుకు పూసిన పేస్టు ఉంటుంది. ఊడదీస్తే పాతది తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టవలసి ఉంటుంది. అది చేయి తిరిగిన వాళ్ల పని.

నూనె సంగతి అడుగుతారని తెలుసు. మా ఇంట్లో కొబ్బరి నూనె వేయమన్నారు. వద్దు, అది దుమ్ముతో కలిసి జిగురవుతుంది. పంకా మధ్య స్టిక్కరు ఎత్తి, కింద సందు కనిపిస్తే, కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. అయినా పంకా కొన్ని వందల రూపాయల వస్తువు. మార్చడమే మేలు.

మార్చేటప్పుడు నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. వెనక పంకాను తిరగేసి బిగించాను. వేడి గాలి బయటికి పోవడానికి బదులు, బయటి గాలి ఎదురు కొట్టింది. రెండు రోజులు అర్థం కాలేదు. చివరికి దేవుడి గదిలోంచి అగరువత్తి తెచ్చి వెనక పట్టాను. పొగ లోపలికి పోతున్నది! మామూలుగా స్టిక్కరు, అడ్డ కమ్మీలు ఉన్న వైపు నుంచే గాలి బయటికి వస్తుంది. అనుమానముంటే అగరువత్తే సాక్షి.

ఒక్కచోట మాత్రం చేయి పెట్టకండి. కరెంటు వైరు గుచ్చే ఇనుప పెట్టె, దానిని ఎస్ఎంపీఎస్ అంటారు. అందులోనూ పంకా ఉంటుంది. మిగతా పంకాలు 12 వోల్టుల మీద నడుస్తవి. ఆ పెట్టెలోకి మాత్రం నేరుగా 230 వోల్టులు వస్తవి. ప్లగ్గు పీకిన తరువాత కూడా లోపల కరెంటు కొంతసేపు నిలవ ఉంటుంది. దాని జాలీ మీద బయట నుంచి బ్రష్షు ఆడించండి, అంతే. ఆ పంకా ఆగిపోతే పెట్టెనే మార్పించండి. మనుమడు ఎంత తెలివైనవాడైనా సరే, విప్పనివ్వకండి.

ఇవన్నీ చేసినా ఆగిపోతుంటే అప్పుడు మెకానిక్కును పిలవండి. మూత తీసి చూపించమనండి, మీరు పక్కన నిలబడండి.

ఆ చెల్లెమ్మ కాగితాలంటారా? బ్రష్షు పట్టిన మరునాడే నేను కబురు చేశాను. మధ్యాహ్నం లోపు టైపు అయింది, సాయంత్రం బస్సుకు పోయింది. కుటుంబ పెన్షను మంజూరైంది గానీ, నా వల్ల మూడు వారాలు వెనకబడింది. ఆమె ఆ మాట ఎత్తలేదు.

బ్రష్షు, స్క్రూడ్రైవరు, అగరువత్తుల పొట్లం నా సంచిలోనే ఉన్నవి. టీ తరువాత మన సంఘం కంప్యూటరు మూత విప్పుదాం. చూడాలనుకునేవారు కుర్చీలు దగ్గరికి జరుపుకోండి.