చీము పట్టని కాలు: లెక్క రాసిన వైద్యుల చరిత్ర



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూడామో ఆ గురువుగారు వార్డులో ఎక్స్‌రే చూడకముందే కట్టు దగ్గరికి వంగి వాసన చూసేవారు. ఎముక కుదిరిందా అన్నది ఆయనకు రెండో ప్రశ్న. గాయం శుభ్రంగా ఉందా అన్నది మొదటిది. విరిగిన కాలికి ఆపరేషన్ చేశాక చీము పట్టకుండా కాపాడటం వైద్యులు ఎలా నేర్చుకున్నారో చెప్పడమే ఆయనకు నేనివ్వగల నివాళి.

మోకాలి కింద ఉండే పెద్ద ఎముక టిబియా. దాని ముందు వైపున కండ లేదు, పలచటి చర్మమే కప్పు. అందుకే బలమైన దెబ్బ తగిలితే చర్మం చీలి ఎముక బయటపడుతుంది, మట్టి లోపలికి పోతుంది. దీన్నే ఓపెన్ ఫ్రాక్చర్ అంటున్నాం. లోపల వేసిన రాడ్డు మీద, ప్లేటు మీద సూక్ష్మజీవులు ఒకసారి జిగురు పొర కట్టుకున్నాయంటే ఆ తర్వాత ఎంత మందు ఇచ్చినా వదిలించడం కష్టం. వాటికి ఆ అవకాశం ఇవ్వకపోవడమే చికిత్స.

పందొమ్మిదో శతాబ్దం నడుమ వరకు ఇలాంటి కాలును తీసేయడమే ప్రాణం దక్కించుకునే మార్గమని చాలామంది సర్జన్లు నమ్మారు. గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీలో జోసెఫ్ లిస్టర్ ఆ నమ్మకాన్ని ప్రశ్నించారు. పదార్థాలు కుళ్ళడానికి కారణం గాలి కాదనీ, అందులోని సూక్ష్మజీవులనీ పాశ్చర్ చెప్పిన సంగతి ఆయన చదివారు. కార్లైల్ పట్టణంలో మురుగు వాసన పోవడానికి కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని విన్నారు. రెండూ కలిపి ఆలోచించారు. 1865 మార్చిలో చేసిన తొలి ప్రయత్నం విఫలమైంది. ఆగస్టు 12న జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ల బాలుడు వచ్చాడు. బండి చక్రం అతని ఎడమ కాలి మీదుగా పోయింది. లిస్టర్ గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ వేసి, కాలికి బద్దలు కట్టారు. నాలుగు రోజుల తర్వాత విప్పితే చీము లేదు. ఆరు వారాలు దాటేసరికి ఎముక అతుక్కుంది.

1867లో లాన్సెట్ పత్రికలో లిస్టర్ పదకొండు ఓపెన్ ఫ్రాక్చర్లను వివరించారు. తొమ్మిదింటిలో కాలో చెయ్యో దక్కింది. ఒకరికి అవయవం తీసేయాల్సి వచ్చింది, ఒకరు చనిపోయారు. ఆ రెండిటినీ ఆయన దాచలేదు. మార్చి వైఫల్యాన్నీ దాచలేదు. అవయవాలు తొలగించే ఆపరేషన్లలో అంతకుముందు 35 మందికి 16 మంది చనిపోగా, కొత్త పద్ధతి వచ్చాక 40 మందిలో ఆరుగురే చనిపోయారని తర్వాత ప్రకటించారు. 1877లో లండన్‌లో, చర్మం చెక్కుచెదరకుండా విరిగిన మోకాలి చిప్పను తానే కోసి తీగతో బిగించారు. చీము మీద అదుపు ఉందన్న నమ్మకం లేనిదే అది సాధ్యం కాదు. నేడు మనం వేసే ప్రతి ప్లేటు వెనుకా ఆ నమ్మకం ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం ఇంకో పాఠం నేర్పింది. ఎరువు కలిసిన పొలం మట్టిలో పడిన సైనికుల గాయాలు కేవలం మందునీళ్ళతో లొంగలేదు. చచ్చిన కండను కోసి తీసేస్తేనే లొంగాయి. బెల్జియం సర్జన్ ఆంత్వాన్ దెపాజ్ ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో బార్సిలోనా సర్జన్ జోసెప్ త్రుయేటా గాయం కడిగి, చచ్చిన కండ తీసి, గాజుగుడ్డ నింపి, పైన పిండికట్టు వేశారు. 1,073 మందిలో చనిపోయినవారు ఆరుగురే. అప్పటికి పెన్సిలిన్ వాడుకలోకి రాలేదని మరిచిపోకండి.

పెన్సిలిన్ వచ్చాక మందు ఉంటే చాలన్న ధీమా పెరిగింది. మందు ఎప్పుడు ఇవ్వాలన్న ప్రశ్నకు జాన్ బర్క్ 1961లో గినీ పందుల మీద జవాబు వెతికారు. సూక్ష్మజీవులు చేరేముందు, లేదా చేరిన వెంటనే ఇచ్చిన మందు పనిచేసింది. మూడు గంటలు దాటాక ఇచ్చింది పనిచేయలేదు. 1974లో పట్జాకిస్ బృందం ఓపెన్ ఫ్రాక్చర్లు ఉన్నవారిలో పోల్చి చూసింది. యాంటీబయాటిక్ ఇవ్వనివారిలో దాదాపు 14 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. సెఫలోథిన్ ఇచ్చినవారిలో రెండున్నర శాతం లోపే. 1976లో గస్టిలో, ఆండర్సన్ 1,025 ఓపెన్ ఫ్రాక్చర్లను పరిశీలించి గాయాలను మూడు తరగతులు చేశారు. ఆ తరగతులనే నేటికీ మన కేస్ షీట్లలో రాస్తున్నాం. చర్మం చీలని ఫ్రాక్చర్లకు ఆపరేషన్ ముందు ఒక్క డోసు సెఫ్ట్రియాక్సోన్ ఇస్తే ఇన్ఫెక్షన్ 8.3 శాతం నుంచి 3.6కు తగ్గిందని 1996లో నెదర్లాండ్స్ వైద్యులు చూపారు.

ఈ చరిత్రలో మన దేశానికీ చోటుంది. కాలు నిలబెట్టవచ్చా, తీసేయాలా అని తేల్చుకోవడానికి కోయంబత్తూరు గంగా హాస్పిటల్ వైద్యులు 2006లో ప్రకటించిన స్కోరు చర్మానికీ, ఎముకకూ, కండకూ విడివిడిగా మార్కులు వేస్తుంది. గాయం కడగడానికి సబ్బునీళ్ళ కంటే మామూలు సెలైనే మేలని 2015లో తేల్చిన పరిశోధనలో మొత్తం 2,551 మంది చేరారు. భారతీయ ఆసుపత్రులు కూడా అందులో పాల్గొన్నాయి.

ఇక మన ఊళ్ళ మాట. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ రోడ్డు ప్రమాదంలో పడినవారిని ఆసుపత్రికి చేర్చే సమయాన్ని తగ్గించింది. అయినా గాయం మీద కాఫీ పొడి, పసుపు అద్దుకుని వచ్చేవారిని నేటికీ చూస్తున్నాం. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టుకు మన ప్రాంతంలో ఎంతో పేరుంది. కానీ చర్మం చీలి ఎముక కనిపిస్తుంటే ముందు వెళ్ళాల్సింది ఆసుపత్రికే. శుభ్రమైన గుడ్డ కప్పండి, కాలు కదలకుండా బద్ద కట్టండి, వెంటనే బయలుదేరండి. ఆసుపత్రి చేరగానే, వీలైతే గంటలోపే, యాంటీబయాటిక్ మొదటి డోసు పడాలి. అది ఆపరేషన్ థియేటర్ ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు. రోగికి షుగర్ ఉంటే అదుపులోకి తేవాలి, సిగరెట్ మాన్పించాలి. ఇంటికెళ్ళాక కుట్ల దగ్గర ఎరుపు, వేడి, స్రావం కనిపిస్తే వెంటనే రమ్మని ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి.

లిస్టర్ నుంచి ఇప్పటివరకు నేను చెప్పిన ప్రతి ముందడుగూ ఒకేలా పడింది: ఎంతమందికి చేశాం, ఎంతమందికి చీము పట్టింది అని ఎవరో ఒకరు నిజాయితీగా రాసిపెట్టారు. తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు, తర్వాతి రోగికి మేలు చేయడానికి రాశారు. మన జిల్లా ఆసుపత్రుల్లో, నర్సింగ్ హోముల్లో రాడ్డు వేసిన కాళ్ళలో ఎన్నిటికి చీము పట్టిందో మనలో ఎందరం చెప్పగలం? చికిత్స చేసిన చోటే ఆ లెక్క ఉండకపోతే పొరపాటు ఎక్కడ జరుగుతోందో మనకు తెలియదు.

కాబట్టి ఈ సభలోని సర్జన్లందరికీ నా విన్నపం. రేపే ఒక రిజిస్టరు తెరవండి. కాలి ఎముకకు ఆపరేషన్ చేసిన ప్రతి రోగికీ గాయం తరగతి, మొదటి డోసు పడిన సమయం, కడిగిన సమయం రాయండి. కనీసం మూడు నెలలపాటు ప్రతి ఒక్కరి యోగక్షేమం కనుక్కోండి. చీము పట్టిన కేసులను దాచకుండా నెలకోసారి నర్సులతో సహా కూర్చుని చర్చించండి. గురువుగారికి మనం చేయగల స్మరణ అదే.