ఎగురుటకు ముందు దిగుట నేర్పవలెను
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఉక్కు అంచు బిగించిన బూట్లతో మంచుపై జారుచు, పైకెగిరి గిరగిర తిరిగి దిగు క్రీడ ఫిగర్ స్కేటింగు. అందు ముందునకు సాగుచు ఎగురవలసిన ప్రధాన లంఘనము ఆక్సెల్ ఒక్కటే. నార్వే దేశీయుడగు ఆక్సెల్ పాల్సెన్ 1882లో వియన్నాలో దానిని ప్రదర్శించెను. 2022లో అమెరికా యువకుడు ఇలియా మాలినిన్ పోటీలో మొట్టమొదటిసారిగా దానిని నాలుగున్నర చుట్లతో సాధించెను. గాలిలో నుండునది సెకనుకంటె తక్కువ కాలమే!

చూపరులు ఎగురుటనే మెచ్చుకొందురు. మేము దిగుటను గూర్చి చెప్పదలచితిమి. దిగునప్పుడు శరీరపు బరువునకు పలు రెట్ల భారము ఒంటికాలిపై పడును. చీలమండ, మోకాలు, తుంటి చక్కగా వంగినగాని ఆ తాకిడి అణగదు. తొడలకును నడుమునకును బలము లేనిచో ఆ వంపు నిలువదు. కావుననే క్రీడాకారులు మంచుపై అడుగిడక ముందే నేలపై బస్కీలు తీయుదురు, ఒంటికాలిపై నిలుతురు, చిన్న గెంతులు వేయుదురు. ఒడలు వేడెక్కిన పిదపనే కండరములను సాగదీయుదురు. నొప్పి పుట్టునంతగా లాగరు.

పెరుగుచున్న పిల్లల ఎముకల కొనలు మెత్తనివి. మితిమీరిన గెంతులవలన దెబ్బతినును. బాలబాలికల ఆరోగ్యము నెంచియే అంతర్జాతీయ స్కేటింగు సమాఖ్య 2022లో పెద్దల పోటీలకు కనిష్ఠ వయస్సును 15 నుండి 17 ఏండ్లకు క్రమముగా పెంచ నిర్ణయించెను.

మన పిల్లలు మంచుపై ఆడకున్నను, మట్టిపై దూకువారికిని ఇదే ధర్మము. సాయంకాలము ఇల్లు చేరిన బిడ్డను "ఎంత ఎత్తు ఎగిరితివి?" అని అడుగుటకు ముందు "ఎక్కడనైన నొప్పియా?" అని అడుగుడని మా ప్రార్థన.